క్లచ్ మీద కాలు

మిట్టమధ్యాహ్నం. ఇంటి గేటు ముందు ఏడాది కూడా నిండని చిన్న కారు. కళ్ళజోళ్ళ షాపాయన తడిగుడ్డతో దాని అద్దాలు తుడుస్తూ, గుమ్మంలో నిలబడ్డ భార్యతో మాట్లాడుతున్నాడు.

“...అదే చెప్తున్నా. నువ్వు మాత్రం నోరు విప్పకు.”

“నేనేమంటానండీ?”

“ఏమీ అనకు. అదే నేను చెప్పేది. పోయినసారి వచ్చినాయన అడక్కుండానే ‘ఒక్కోసారి మొరాయిస్తుందండీ’ అన్నావు.”

“మొరాయిస్తుంది కదా.”

“మొరాయిస్తుంది కాబట్టే అమ్ముతున్నాం! మొరాయించకపోతే ఎందుకమ్ముతాం? పాపం ఆయన చేతిలో కాఫీ కూడా పూర్తిగా తాగకుండా లేచిపోయాడు.”

“కొనేవాళ్ళూ మనుషులే కదండీ. వాళ్ళింట్లోనూ పిల్లలుంటారు.”

“కారుకేమీ లేదని సర్వీసువాళ్ళు ఎన్నిసార్లు చెప్పారు? నువ్వే విన్నావు. నడిపేవాళ్ళ కాలు సరిగా ఉంటే కారూ సరిగా ఉంటుందట.”

“నా కాలు సరిగా లేదంటారు.”

“నేననలేదు. వాళ్ళన్నారు.”

“వాళ్ళు ఒక్కసారన్నారు. మీరు ఇంటికొచ్చి రోజూ అన్నారు.”

“ఇప్పుడెందుకా గోల?”

“చవక కారు వద్దురా, ఇంకో ఏడాది ఆగి మంచిది కొనుక్కో అని మీ అన్నయ్య నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.”

“వాడి పేరెత్తకు. వాడి ముందు ఈ కారుని ఆకాశానికెత్తి ఉన్నాను. అమ్మేశాక పెద్దది కొంటున్నామని చెప్పుకుందాం, అందాకా గుట్టుగా ఉండు. అదిగో, ఎవరో వస్తున్నారు. ఆవిడే అయ్యుంటుంది. పాటల టీచరునని ఫోన్లో చెప్పింది. పెద్దావిడ. పెద్దావిడలకి కార్ల గురించి ఏం తెలుస్తుంది, రంగు చూసి కొంటారు. నవ్వుతూ ఉండు. మరీ నవ్వకు.”

“నమస్కారం బాబూ. కారు అమ్మకానికి పెట్టింది మీరేనా?”

“మేమేనండీ, మేమే. రండి మేడమ్, ఎండన పడి వచ్చారు. ఇదిగో, ఇదే. ముట్టుకుంటే మాసిపోయేలా ఉంది కదా?”

“వంకాయ రంగు.”

“అరుదైన రంగండీ. ఊరంతా గాలించినా ఇంకోటి కనబడదు.”

“కనబడదు. నాకు తెలుసు.”

“ఆఁ?”

“ఏం లేదు. ఈ రంగు మీరే కోరి తీసుకున్నారా?”

“కోరి అంటే... మా ఆవిడకేమో తెలుపు కావాలని...”

“నాకు తెలుపు కావాలండీ. ఈయనకి చవగ్గా కావాలి.”

“మా ఆవిడకి హాస్యమెక్కువ మేడమ్. ఎవరో ఈ రంగు బుక్ చేసుకుని వద్దనుకున్నారట. అందుకని షోరూమువాళ్ళు మాకు కొంచెం తగ్గించి ఇచ్చారు.”

“ఎందుకు వద్దనుకున్నారో చెప్పారా?”

“మనకెందుకండీ అవన్నీ? వాళ్ళింట్లో ఏం కష్టమొచ్చిందో.”

“ఊఁ. మరి మీరెందుకు అమ్ముతున్నారు?”

“బదిలీ అండీ.”

“మా తమ్ముడు వాడి కారు మాకిస్తానన్నాడండీ.”

“బదిలీయా, తమ్ముడా?”

“రెండూనండీ. బదిలీ అయిన ఊళ్ళోనే వాళ్ళ తమ్ముడున్నాడు.”

“కళ్ళజోళ్ళ షాపన్నారు ఫోన్లో.”

“అవునండీ, సొంత షాపే.”

“సొంత షాపుకి బదిలీ ఏమిటి బాబూ?”

“బదిలీ నాకు కాదండీ, మా ఆవిడకి. రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. వాళ్ళకి ఇంకో బ్రాంచి...”

“నాకా?”

“దానికింకా చెప్పలేదు మేడమ్. సర్‌ప్రైజ్ చేద్దామని. ఏమోయ్, మేడమ్‌కి మంచినీళ్ళు తీసుకురా, అలా నిలబడతావేం?”

“నీళ్ళు తర్వాత తాగుతానమ్మాయ్. ముందు తలుపులు చూస్తాను.”

“ఆ వెనక తలుపు కొంచెం...”

“కొంచెం పైకెత్తి వెయ్యాలి. ఇలా. పడింది చూశారా?”

“...అవునండీ. భలే కనిపెట్టారే!”

“చిన్న కార్లన్నీ అంతే కదా బాబూ.”

“కదండీ మరి. చిన్న కార్లన్నీ అంతే.”

“అటుపక్క టైర్లు కూడా చూసి వస్తాను. మీరుండండి, నేను చూసుకుంటాను.”

“చూడండి మేడమ్, తీరిగ్గా చూడండి... ఇటు రావోయ్. ఇటు, ఇంకొంచెం ఇటు. ఈవిడ పాటల టీచరు కాదు.”

“ఎందుకు కాదు?”

“మెల్లిగా! ఆ తలుపు కిటుకు మనకి తెలియడానికి రెండు నెలలు పట్టింది. ఈవిడ చెయ్యి వేసీ వెయ్యగానే ఎత్తి వేసింది. బ్రోకరు. కచ్చితంగా బ్రోకరు. లోపాలన్నీ ఏరి, ధర నేలకి దించి, రేపు ఇంకొకళ్ళకి అమ్ముకుంటుంది.”

“ఆ గొంతు వినండి. పాడే గొంతే.”

“బ్రోకర్లు పాడకూడదా? పోనీ బ్రోకరు కాకపోతే షోరూమువాళ్ళు పంపిన మనిషి. పోయిన నెల నేనక్కడ గొడవపడ్డాను కదా, మనమేం చేస్తున్నామో కనుక్కుందామని...”

“మీరు గొడవపడ్డారా? నా క్లచ్ తొక్కుడు గురించి తల దించుకుని వచ్చానని చెప్పారే?”

“అదే... గొడవంటే పెద్ద గొడవ కాదు. వస్తోంది, వస్తోంది, నవ్వు.”

“టైర్లు అరగలేదు బాబూ. ఎక్కువ తిరిగినట్టు లేరు.”

“ఎక్కడ తిరిగామండీ? ఇంటి నుంచి షాపుకి, షాపు నుంచి ఇంటికి...”

“ఇంటి నుంచి సర్వీసు సెంటరుకి.”

“సర్వీసు వేళకి చేయిస్తామని దాని ఉద్దేశం మేడమ్.”

“ఎవరు నడుపుతారు?”

“నేనేనండీ.”

“నువ్వు నడపవా అమ్మాయ్?”

“నడిపేదాన్నండీ. మానేశాను.”

“ఎందుకని?”

“నాకు క్లచ్ తొక్కడం రాదట.”

“ఎవరన్నారు?”

“అందరూ అన్నారండీ. పెళ్ళికి ముందు మా నాన్న వ్యాను నేనే నడిపేదాన్ని. పాల క్యాన్లు వేసుకెళ్ళే వ్యాను. తలుపుకి తాడు కట్టి ఉండేది, అంత డొక్కుది. అది ఏనాడూ నా కాలి కింద ఆగలేదు టీచరుగారూ. ఇదేమో కొత్తది...”

“మేడమ్, ఎండ ముదురుతోంది. ఒకసారి నేను నడిపి చూపిస్తాను, మీరు పక్కన కూర్చోండి.”

“నేనే నడిపి చూస్తాను. అందుకేగా వచ్చాను.”

“మీరా? మీకు నడపడం వచ్చా?”

“పాటలు కాక ఇంకా కొన్ని వచ్చు బాబూ.”

“సరే అయితే. నువ్వు ఇంట్లో ఉండవోయ్.”

“లేదు, నేనూ వస్తాను.”

“నువ్వెందుకు?”

“రానివ్వండి. వెనక సీటు ఎలా ఉందో చెప్పడానికి ఒకరుండాలి కదా.”

కారు కదిలింది. స్టీరింగు దగ్గర టీచరు, పక్కన అతను, వెనక అతని భార్య.

“ఆ చప్పుడేమిటి బాబూ?”

“ఏ చప్పుడండీ?”

“కిర్రు కిర్రుమని.”

“ఓ, అదా! రోడ్డు.”

“రోడ్డు నున్నగా ఉందే.”

“ఎండకి తారు కరిగి చక్రాలకి అంటుకుంటుందండీ.”

“అదిగో, మళ్ళీ.”

“అది మా ఆవిడ దగ్గు.”

“నేను దగ్గలేదు.”

“దగ్గవోయ్, ఫరవాలేదు, మొహమాటపడకు. దగ్గు ఆపుకుంటే ఆరోగ్యానికి మంచిది కాదు.”

“నాకు చెవులే జీవనాధారం బాబూ. ముప్ఫై మంది పిల్లలు కలిసి పాడుతుంటే ఎవరి గొంతు తప్పిందో చెప్తాను. ఈ చప్పుడు ఎడమ పక్క ముందు చక్రం దగ్గర్నుంచి వస్తోంది. నేరుగా పోతే మూలుగు, మలుపు తిరిగితే ఏడుపు. ఇదిగో మలుపు... వినిపించిందా?”

“కొత్త కారు కదండీ. ఇంకా సర్దుకుంటోంది.”

“ఎన్నాళ్ళకి సర్దుకుంటుంది?”

“మేమూ దాని కోసమే చూస్తున్నామండీ.”

“నిన్నెవరడిగారోయ్?”

“ఉక్కగా ఉంది. ఏసీ వేస్తాను.”

“వద్దు!”

“ఏం?”

“అంటే... నాకు ఏసీ పడదు మేడమ్. సైనసు.”

“షాపులో పొద్దస్తమానం ఏసీలోనే కదండీ కూర్చుంటారు?”

“అది వేరే ఏసీ!”

“సరే, అద్దం దించుకుంటాను. దిగదేం?”

“ఆ అద్దానికి కొంచెం చేత్తో...”

“అరచెయ్యి ఇలా ఆనించి మీట నొక్కాలి. దిగింది.”

“మేడమ్. మీరేమీ అనుకోకపోతే ఒక్క మాట. ఎవరు మీరు?”

“చెప్పానుగా, పాటల టీచర్ని.”

“అది కాదు. మిమ్మల్నెవరు పంపారు?”

“నన్ను పంపేవాళ్ళెవరూ లేరు బాబూ, ఆపేవాళ్ళూ లేరు. ఒక్కదాన్నే ఉంటాను.”

“ఈ మోడలు ఇంతకుముందు నడిపారా?”

“నడిపాను. కుడికి తిరుగుతున్నాను, చూసుకోండి.”

“కుడికొద్దండీ! నేరుగా పోదాం. అటు రోడ్డు బాగోదు.”

“బానే ఉందే. ఇది రైలు వంతెన కిందికి దిగే పల్లం కదా?”

“టీచరుగారూ, అటు వద్దండీ.”

“ఎందుకమ్మాయ్?”

“ఊరికేనండీ. వద్దు.”

“దానికి భయం మేడమ్. ఆడవాళ్ళకి పల్లాలంటే భయం కదా.”

“నేనూ ఆడదాన్నే బాబూ. పల్లంలో నడిపి చూడకుండా కారెలా కొంటాను? మా ఇంటి దారి ఇంతకంటే పల్లం. నా వేగం చూశారుగా, నడిచేవాళ్ళు దాటిపోతున్నారు. ఎదర ఎవరూ లేరు కూడా. ఏసీ కూడా వేసే చూస్తాను. మీ సైనసుని రెండు నిమిషాలు ఓర్చుకోమనండి.”

“మేడమ్, మాట వినండి. నేను నడుపుతాను, మీరిటు రండి...”

“దిగుతున్నాను.”

“ఆపండి టీచరుగారూ! ఆగిపోతుంది! మధ్యలో ఆగిపోతుంది, బ్రేకు రాయైపోతుంది, స్టీరింగు తిరగదు! చేతి బ్రేకు! చేతి బ్రేకు లాగండి!”

“లాగాను తల్లీ. లాగాను. నా చెయ్యి మొదట్నుంచీ దాని మీదే ఉంది. ఇంజను చచ్చినా కారు ఆగింది చూడు. ఊపిరి పీల్చుకో.”

“మేడమ్, ఇది ఎప్పుడూ ఇలా... ఇదే మొదటిసారి...”

“నా కాలు చూడండి బాబూ. వంగి చూడండి. క్లచ్ ఎంతవరకూ తొక్కి ఉంది?”

“...అడుగంటా ఉంది.”

“క్లచ్ అంతా తొక్కి ఉంటే ఇంజను ఆగకూడదు కదా. ఎందుకాగింది మరి?”

“మొదటిసారి కాదు టీచరుగారూ. నాకూ ఇక్కడే ఆగింది. ఈ పల్లంలోనే. మా పాప వెనక కూర్చుని ఉంది, ఎదురుగా బస్సు. బ్రేకు మీద నిలబడ్డాను, కదల్లేదు. కారు పేవ్‌మెంటు రాయికి గుద్దుకుని ఆగింది. పాప ముందు సీటుకి కొట్టుకుని పన్ను విరగ్గొట్టుకుంది. ‘పాలపన్నేలేమ్మా’ అని అదే నన్ను ఊరుకోబెట్టింది. ఆ రోజు నుంచి నేను స్టీరింగు ముట్టుకోలేదు. నిద్రలో కూడా మంచాన్ని కాలితో తొక్కేదాన్నట, అడుగంటా, అడుగంటా అని. ఈయనే చెప్పారు.”

“నీ కాలికేం కాలేదు తల్లీ.”

“మీకెలా తెలుసండీ?”

“చెప్తాను. ముందు కారుని మెల్లిగా కిందికి వదిలి పక్కన పెట్టనివ్వు. బాబూ, మీరు దిగి డిక్కీ తియ్యండి.”

“డిక్కీ ఎందుకు? మేడమ్, మీరు కొనద్దులెండి. జరిగింది మనలో మనకే...”

“డిక్కీ తియ్యండి.”

పల్లం కింద వంతెన గోడ నీడలో కారు ఆగింది. ముగ్గురూ దిగారు.

“ఆ మ్యాటు పక్కకి లాగండి. కుడి మూల. గీతలు కనిపిస్తున్నాయా?”

“కనిపిస్తున్నాయి. ఇవెప్పుడు పడ్డాయి? మేమిందులో బరువులేమీ వెయ్యలేదే.”

“నా హార్మోనియం పెట్టెవి. దాని అడుగున మేకులు లేచి ఉన్నాయి.”

“మీ హార్మోనియం మా డిక్కీలోకెలా వచ్చింది?”

“మీ డిక్కీ కాకముందు నా డిక్కీ బాబూ. ఈ కారు మొదట నాది.”

“ఏమిటీ?”

“ఈ రంగు నేనే కోరి తెప్పించుకున్నాను. ఉద్యోగం విరమించాక నాకు నేను కొనుక్కున్న మొదటి వస్తువు. నెల తిరక్కుండా నడిరోడ్డు మీద నిలబెట్టింది, ఒకసారి కాదు. షోరూముకి వెళ్తే, అమ్మా మీకు వయసైంది, క్లచ్ తొక్కడం రావడం లేదన్నారు.”

“అదే మాటా?”

“అదే మాట అమ్మాయ్. అక్షరం తేడా లేదు. నేను కదల్లేదు. కొత్త కార్లు చూడ్డానికి వచ్చేవాళ్ళందరికీ వినబడేలా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుని నా కథ చెప్పాను. గొంతు పెద్దది కదా. తట్టుకోలేక చివరికి వెనక్కి తీసుకున్నారు. అప్పటికింకా శాశ్వత నంబరు కూడా రాలేదు. దీన్ని తుక్కు కింద పగలగొట్టేస్తాం, నిశ్చింతగా ఉండండన్నారు.”

“మాకు కొత్తదన్నారు! మీటరు కాస్త తిరిగి ఉందేమిటని అడిగితే గోడౌను నుంచి నడుపుకుంటూ తెచ్చామన్నారు!”

“మీ ప్రకటనలో ఫొటో చూశాక నాకు అన్నం సహించలేదు. అయినా రంగొకటే చాలదు కదా. అందుకని తలుపు చూశాను, అద్దం చూశాను, పల్లం చూశాను. ఈ గీతలు చూశాక ఇక అనుమానం లేదు.”

“ముందే ఒక్క మాట చెప్పొచ్చు కదండీ! నా ప్రాణం తోడేశారు.”

“మీరు వాళ్ళ మనిషేమోనని నా అనుమానం నాది. వచ్చినప్పటి నుంచీ మీ నోట ఒక్క నిజం రాలేదు బాబూ.”

“అది... అమ్మకం కదండీ.”

“నా చోట నిన్నగాక మొన్న స్టీరింగు పట్టుకున్న పిల్లెవరైనా వచ్చి ఉంటే?”

“...తప్పేనండీ. ఒప్పుకుంటున్నాను. కానీ అసలు దొంగలు వాళ్ళు కదా! పాతదాన్ని తుడిచి కొత్తదని అంటగట్టారు. వదలకూడదు మేడమ్. కోర్టుకి లాగుదాం. మొత్తం కక్కిద్దాం.”

“నా శిష్యురాలి తండ్రి లాయరు. ఆయన్ని అడిగే వచ్చాను. ఇద్దరం కలిస్తే దారి ఉందన్నాడు. కానీ ఒక చిక్కుంది. వాళ్ళేం వాదిస్తారో తెలుసా? ఒకావిడ ముసలిది, ఇంకొకావిడ పిరికిది, ఇద్దరికీ నడపడం రాదు, అదే కారు మగవాడి చేతిలో నిక్షేపంలా నడుస్తోంది అంటారట.”

“అన్యాయం!”

“అన్యాయమే. అందుకే అడుగుతున్నాను, ఆలోచించి చెప్పండి. మీరు ఎన్నాళ్ళ నుంచి కార్లు నడుపుతున్నారు?”

“కాలేజీ రోజుల నుంచండీ. మా నాన్న కారు, మా అన్నయ్య కారు, స్నేహితుల కార్లు... నా చేతిలో ఏ బండికీ గీత కూడా పడలేదు.”

“అదే కావాలి. చెయ్యి తిరిగిన మనిషి. మీ చేతిలో ఈ కారు ఎప్పుడైనా ఆగిందా?”

“ఆయన చేతిలో ఆగలేదు టీచరుగారూ. ఎన్నోసార్లు చెప్పారు. నాకొక్కదానికే ఆగుతుంది.”

“అయితే కష్టమేనమ్మా. నేనూ నువ్వూ ఎంత మొత్తుకున్నా...”

“ఉండండి మేడమ్, ఉండండి. కష్టమెందుకు? ఆగింది. ఎందుకాగలేదు? శుభ్రంగా ఆగింది!”

“కేసు కోసం కల్పించకండి బాబూ. అక్కడ గుచ్చి గుచ్చి అడుగుతారు.”

“కల్పించడమేమిటండీ! మా షాపు పక్క ఇస్త్రీ బండాయన్ని అడగండి, ఆయనే వెనక నుంచి తోశాడు. కొన్న వారంలోనే! మళ్ళీ రెండు రోజులకే ఇదే పల్లంలో కూడా. ఏసీ వేసి ఉంది, క్లచ్ అడుగంటా తొక్కాను, టప్పున చచ్చిపోయింది. బ్రేకు రాయైపోయింది. ఇప్పుడు మీరు లాగినట్టే చేతి బ్రేకు లాగి బయటపడ్డాను. ఒళ్ళంతా చెమటలు పట్టాయనుకోండి. ఎక్కడైనా చెప్తాను, ఎవరి ముందైనా చెప్తాను!”

“కొన్న వారంలోనే అంటారు?”

“కొన్న వారంలోనేనండీ! మీరు రాయించండి, నేను సంతకం పెడతాను.”

“ఏవండీ.”

“ఉండవోయ్, మేడమ్‌తో మాట్లాడుతున్నాను కదా. సాక్ష్యం గట్టిగా ఉండాలంటే...”

“ఏవండీ. అంటే, పాపని స్కూల్లో దింపి రమ్మని ఆ రోజు తాళాలు నా చేతిలో పెట్టేటప్పటికే... ఈ పల్లం సంగతి మీకు తెలుసా?”